కాశీయాత్రికుడు ఏనుగుల వీరాస్వామయ్య

మహాశివరాత్రినాడు కోటప్పకొండ తిరునాళ్ళకు పోయినవారు మీలో పలువురు ఉందురు. నరసరావుపేటకు దాపుననున్న ఆ కొండకు నలుదిక్కుల పల్లెలనుండి ప్రభలు కదలివచ్చును. ఒక్క దినములో లక్షల జనము చేరుదురు. అంతమందికి త్రాగునీరు ఎక్కడనుండి వచ్చును? ఎండకు సొమ్మసిల్లినవారిని ఎవరు చూతురు? జబ్బుపడిన ఒకనినుండి ఆ జబ్బు పదిమందికి సోకకుండ ఎవరు కాతురు? నేడు వీనికై నీటి తొట్లు, వైద్యశిబిరములు, పారిశుద్ధ్యపు పనివారు కలరు. సుమారు రెండువందల ఏండ్లకు పూర్వము ఇవి యేవియు లేవు. కొండ యెక్కదలచినవాడు తన జాగ్రత్త తానే చూచుకొనవలసియుండెను. అట్టి కాలమున సుమారు నూరుగురు మనుష్యులను వెంటబెట్టుకొని, నల్లమల కొండలు దాటి, కాశివరకు పోయివచ్చిన మహానుభావుని కథ ఇది. ఆయన పేరు ఏనుగుల వీరాస్వామయ్య.

వీరాస్వామయ్య 1780వ సంవత్సరమున జన్మించెను. చెన్నపట్టణమున స్థిరపడిన తెలుగు కుటుంబము వారిది. అప్పటికి ఇంగ్లీషు కుంపిణీవారి అధికారము దక్షిణదేశమున నానాటికి పెరుగుచుండెను. వారి భాష వచ్చినవారు కొద్దిమందియే. వీరాస్వామయ్య చిన్ననాటనే ఆ భాషను పట్టుదలతో నేర్చెను. తెలుగు, తమిళము, సంస్కృతము కూడ ఆయనకు పరిచితములు. కచేరీలలో చిన్న పనులతో ఆరంభించి, నమ్మకమువలనను నేర్పువలనను క్రమక్రమముగా పైకి వచ్చి, తుదకు చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీ పదవిని పొందెను.

దుబాసీ అనగా ఇరుపక్షముల భాషలు ఎరిగి, ఒకరి మాటను మరొకరికి తెలియజెప్పువాడు. న్యాయస్థానములో ఈ పని కత్తిమీద సాము వంటిది. సాక్షి చెప్పిన మాట ఒకటి, దుబాసీ పలికిన మాట మరొకటి అయినచో నిర్దోషికి శిక్ష పడవచ్చును. కావున విన్నదానిని విన్నట్లు, కన్నదానిని కన్నట్లు చెప్పవలెను. తన ఇష్టమును చేర్చరాదు, తనకు రుచింపనిదానిని విడువరాదు. ఏండ్ల తరబడి ఆ కొలువు చేసిన వీరాస్వామయ్యకు ఈ గుణము స్వభావమయ్యెను. తరువాతి కాలమున ఆయన వ్రాసిన యాత్రాచరిత్రకు ఈ గుణమే ప్రాణమైనది.

ఆయనకు కాశీయాత్ర చేయవలెనను కోరిక చిరకాలముగా ఉండెను. ఆ దినములలో కాశికి పోవుట యెంత కష్టమో నేడు మీరు ఊహింపజాలరు. మన దేశమున మొదటి ప్రయాణికుల రైలుబండి 1853లోగాని నడువలేదు. రాచబాటలు కొన్ని మాత్రమే ఉండెను. తక్కినదంతయు ఇసుకదారి, బురదదారి, అడవిదారి, కొండదారి. ఏరులకు వంతెనలు అరుదు. దొంగల భయము, మృగముల భయము సరేసరి. కాని వీనియన్నిటికంటె యాత్రికులను ఎక్కువగా బలిగొన్న శత్రువులు రెండు. ఒకటి వాంతిభేది, అనగా కలరా. రెండవది మన్యపు చలిజ్వరము, అనగా మలేరియా.

కలరా మన దేశమున పూర్వమునుండియు ఉన్నదే. అయినను 1817లో వంగదేశపు జెస్సోరు ప్రాంతమున అది ఉగ్రరూపము దాల్చి, ఊరినుండి ఊరికి ప్రాకి, మరుసటి సంవత్సరమునకు చెన్నపట్టణమువరకు వచ్చెను. కొన్ని యేండ్లకు తగ్గినట్లు తగ్గి, 1820ల చివర మరల విజృంభించెను. ఉదయమున ఆరోగ్యముగా నడచినవాడు సాయంకాలమునకు శవమగుచుండెను. సైనికుల దండులు, వర్తకుల బిడారులు, యాత్రికుల గుంపులు పోయిన దారులవెంటనే ఆ జాడ్యమును పోవుచుండెను. తీర్థముల యందు జనము గుమిగూడుదురు. అందరును ఒకే కోనేటిలో స్నానము చేసి, ఆ నీటినే త్రాగుదురు. రోగము వ్యాపించుటకు ఇంతకంటె ఏమి కావలయును? కాని కారణము నీటిలో నున్నదని అప్పటికి ఎవ్వరికిని తెలియదు. చెడుగాలి యనియు, దేవతాగ్రహ మనియు పలువురు పలువిధముల చెప్పుకొనుచుండిరి.

ఇట్టి కాలమున 1830వ సంవత్సరము మే నెల 18వ తేది మంగళవారము రాత్రి వీరాస్వామయ్య చెన్నపట్టణమునుండి బయలుదేరెను. అప్పటికి ఆయనకు ఏబది యేండ్లు. పరివారము సుమారు నూరుగురు. డేరాలు, వంటపాత్రలు, సామానులు, వానిని మోయు కూలీలు, పల్లకీ మోయు బోయీలు, అందరును కలిసి కదలుచున్న ఒక చిన్న ఊరివలె ఉండిరి. ఇంతమందికి ప్రతిదినము ఎక్కడనో ఒకచోట నీడ కావలెను, బియ్యము కావలెను, మంచినీరు కావలెను. ఒక్కనికి జబ్బుచేసినను అందరి ప్రయాణము ఆగును. అంటుజబ్బే అయినచో అందరికిని ముప్పు. నాయకుడై నడచువానికి ఈ సంగతి ఒక్క క్షణమైనను మరువరానిది.

ఇక్కడ ఒక మాట చెప్పవలసియున్నది. పల్లకీలో కూర్చున్న యజమానికంటె దానిని భుజముల మీద మోసిన బోయీలకే దారికష్టము హెచ్చు. ముల్లు గ్రుచ్చుకొన్నది వారి కాళ్ళకు, వానలో తడిసినవి వారి దేహములు. వారి పేర్లు నేడు మనకు తెలియవు. వీరాస్వామయ్య యాత్ర అని మనము చెప్పుకొనునది వారి యాత్ర కూడ అని జ్ఞాపకముంచుకొనుట న్యాయము.

బయలుదేరిన దినము మొదలుకొని వీరాస్వామయ్య ఒక నియమము పెట్టుకొనెను. తాను చూచినదానిని, దారి వివరములను ఎప్పటికప్పుడు వ్రాసి, చెన్నపట్టణముననున్న తన మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాస పిళ్ళెకు పంపుచుండెను. ఏ మజిలీకి ఏ మజిలీ యెంత దూరము, దారి రాతిదా యిసుకదా, దిగుటకు చావడి కలదా, అంగళ్ళు కలవా, చెరువుగాని బావిగాని కలదా, అడవిభయ మెట్టిది, ఇట్టి సంగతులు ఆ వ్రాతలలో అడుగడుగున కనబడును. పైపైని చూచినచో ఇవి చిన్న విషయములు. కాని వెనుక వచ్చు యాత్రికునకు ఇవి ప్రాణము నిలుపు విషయములు. నీరు దొరకదని ముందుగా తెలిసినవాడు కడవ నింపుకొని బయలుదేరును. తెలియనివాడు దప్పికకు తాళలేక గుంటలోని మురికినీరైనను త్రాగును. ఆ కాలమున మంచినీటి జాడ చెప్పుట ఔషధము చెప్పుటతో సమానము.

తిరుపతి, కడప మీదుగా పోయి, అహోబిలము, మహానంది క్షేత్రములను సేవించి, జూన్ నెలలో వీరాస్వామయ్య శ్రీశైలపు త్రోవ పట్టెను. నల్లమల కొండలు మన పలనాటివారికి క్రొత్తవి కావు. మాచర్ల, దుర్గి, వెల్దుర్తి ప్రాంతముల నుండి పడమటివైపు చూచినచో కనబడు నీలపు గోడ ఆ కొండల అంచే. ఆ యడవులలో చెంచులు తరతరములుగా నివసించుచున్నారు. ఒకప్పుడు శ్రీశైలమునకు మెట్లదారి కట్టించి యాత్రికుల కష్టము తగ్గించినవారు కూడ మనకు దగ్గరివారే. వారు కొండవీటి రెడ్డిరాజులు.

వీరాస్వామయ్య కొండ యెక్కిన దారి ఆత్మకూరు వైపునుండి పోవును. నాగలూటి, పెద్దచెరువు అను మజిలీల మీదుగా దట్టమైన అడవిలో కొండలెక్కి, లోయలు దిగి, శ్రీశైలము చేరవలెను. పల్లకీ సాగుటకు వీలులేని చోటులు పెక్కు. కావున అక్కడ డోలీలే గతి. నడువగలవారు నడచుచుండిరి. నేడు శ్రీశైలమున సత్రములు, అంగళ్ళు, ఆసుపత్రి, తారురోడ్డు కలవు. ఆనాడు అది అరణ్యమధ్యమున ఉన్న గుడి మాత్రమే. యాత్రాకాలము గడచినచో అక్కడ జనసంచారము బహు స్వల్పము.

ఆ ప్రాంతము అప్పుడు కందనూరు నవాబు ఏలుబడిలో ఉండెను. కందనూరనగా నేటి కర్నూలు. యాత్రికులవద్ద నవాబు మనుష్యులు పన్ను వసూలు చేయుచుండిరి. పన్ను పుచ్చుకొనుట కలదుగాని అందుకు తగిన సదుపాయము చేయుట లేదు. వీరాస్వామయ్య ఈ సంగతిని దాచక వ్రాసెను. దారిపొడవున చెంచులు యాత్రికులకు కాపుగా ఉండి, అందులకు ప్రతిఫలము పొందుచుండిరి. ఏ మలుపున వాగు కలదో, ఏ పొదల మాటున మృగము పొంచియుండునో వారికి తెలిసినట్లు మరెవ్వరికి తెలియును? అడవిలో అడవివాని మాట వినుట తెలివిగలవాని లక్షణము.

నల్లమలలో పులికంటె మిక్కిలి భయపెట్టునది చలిజ్వరము. కొండవాగుల ఒడ్డున రెండు రాత్రులు గడపి వచ్చినవాడు పదిదినములకో పదునైదు దినములకో గజగజ వణకుచు మంచమెక్కుచుండెను. కొండనీరు పడలేదనియు, ఆకుల కుళ్ళువలన గాలి చెడినదనియు జనులు తలచుచుండిరి. అసలు కారణము 1897 ఆగస్టు 20వ తేదిన మన సికింద్రాబాదులోనే బయటపడెను. రొనాల్డు రాసు అను సైనికవైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిములను అక్కడ కనుగొనెను. కొండవాగుల పలుచని నీటిలో పెరిగి, చీకటిపడిన పిమ్మట మనిషిని కుట్టు అనాఫిలిసు ఆడుదోమలే ఈ జ్వరమును మోయునవి. దోమ సంగతి తెలియకపోయినను ఆనాటి పెద్దలు అనుభవముచేత ఒక నియమము ఏర్పరచుకొనిరి. దర్శనమైన పిదప అడవిలో ఊరక నిలువరాదు, చీకటిపడకమునుపే మజిలీ చేరవలెను. కారణము తప్పుగా ఊహించినను నియమము మేలైనదే.

శ్రీశైల దర్శనానంతరము వీరాస్వామయ్య కృష్ణానది దాటి హైదరాబాదు చేరెను. అప్పటికి వానలు ముమ్మరమయ్యెను. అటనుండి నాగపురము, జబ్బలుపురము మీదుగా ఉత్తరమునకు సాగిన దారి అడవులతోను కొండలతోను నిండినది. వాగు పొంగినచో అది తగ్గువరకు ఒడ్డున డేరా వేసికొని ఉండవలసినదే. తొందరపడి దిగినవాడు కొట్టుకొనిపోవును. ఇట్లు దినమునకు కొన్ని క్రోసుల చొప్పున నడచి ప్రయాగ చేరి, కాశీ విశ్వనాథుని సేవించి, గయలో పితృకార్యములు నెరవేర్చి, కలకత్తా వైపు తిరిగెను. ఈ ప్రయాణమున కొంత భాగము గంగలో పడవలమీద జరిగెను.

ఆయన ఉత్తరదేశమున సంచరించుచున్న ఆ నెలలలోనే కలరా భూమండలమున సగము దూరము ప్రయాణము చేయుచుండెను. 1830 శరత్కాలమునకు అది రష్యాలోని మాస్కో చేరెను. 1831లో మక్కా యాత్రికులలో చొరబడి వేలకొలది ప్రాణములు తీసెను. ఆ యేడే జర్మనీలోని బెర్లినుకును, ఏడాది తుదకు ఇంగ్లండుకును పోయెను. కాశికి పోవు యాత్రికుడైనను, మక్కాకు పోవు యాత్రికుడైనను, లండనులోని వర్తకుడైనను దానికి ఒక్కటే. కులము, మతము, దేశము, ధనము ఏదియు దానికి అడ్డుగోడ కాలేదు.

కలకత్తానుండి తిరుగుదారి సముద్రతీరము వెంబడి జగన్నాథము, గంజాము, శ్రీకాకుళము మీదుగా సాగినది. జగన్నాథ రథోత్సవమునకు పోవు జనము మధ్య కలరా చెలరేగుట ఆ శతాబ్దమున మాటిమాటికి జరిగిన విషయము. గంజాము పట్టణపు కథ మరియు విషాదకరము. 1815లో అక్కడ విషజ్వరములు వ్యాపించి జనము పెక్కుమంది మరణించుటచే, కచేరీలను ఆ పట్టణమునుండి తరలింపవలసివచ్చెను. వీరాస్వామయ్య ఆ దారిని వచ్చునప్పటికి ఇది జరిగి పదునారేండ్లు. రోగము ఒక మనిషినే కాదు, ఒక పట్టణమునే పడగొట్టగలదని గంజాము చాటుచుండెను.

1831 సెప్టెంబరు 3వ తేదిన వీరాస్వామయ్య చెన్నపట్టణము చేరెను. బయలుదేరినది మొదలు పదునైదు నెలల పైచిలుకు కాలము గడచెను. రెండు వానకాలములు ఆయన యాత్రకు తగిలెను. మొదటిది పోవునపుడు, రెండవది వచ్చునపుడు అని మీరు లెక్క వేయవచ్చును. ఇల్లు చేరిన వెనుక ఆయన మరల తన కొలువులో ప్రవేశించి, పట్టణమునందలి విద్యావంతులతో కలిసి లోకహితమైన పనులలో పాలుగొనెను. 1836లో పరమపదించెను.

మిత్రుని మరణానంతరము శ్రీనివాస పిళ్ళె ఊరకుండలేదు. తనకు వచ్చిన ఆ వ్రాతలన్నిటిని కూర్చి, 1838లో కాశీయాత్రచరిత్ర అను పేర అచ్చువేయించెను. మన భాషలో వెలువడిన మొదటి గొప్ప యాత్రాగ్రంథము అదియే. అది వ్యాకరణపండితుల భాషలో లేదు. ఆనాటి చెన్నపట్టణపు తెలుగువారు ఇంట మాటలాడుకొను భాషలో ఉన్నది. కావుననే అది దారి నడచువానికి చక్కగా పనికివచ్చెను. తరువాత చాలకాలము అరుదైపోయిన ఆ పుస్తకమును దిగవల్లి వేంకట శివరావుగారు పరిశోధించి 1941లో మరల ప్రకటించిరి. ఒకడు నడచెను, ఒకడు దాచెను, ఒకడు వెలికి దీసెను. మువ్వురి శ్రమవలన మనకు ఆ కాలపు దారులు నేటికిని కన్నులకు కట్టుచున్నవి.

వీరాస్వామయ్యకు తెలియని సంగతులు నేడు మనకు పెక్కు తెలియును. 1854లో లండనులో జాన్ స్నో అను వైద్యుడు ఒక వీథిలోని చేతిపంపు నీటినుండియే కలరా వ్యాపించుచున్నదని నిరూపించెను. 1884లో రాబర్టు కాక్ అను జర్మను శాస్త్రజ్ఞుడు కలకత్తాలో ఆ రోగక్రిమిని వేరుపరచి గుర్తించెను. నీరు కాచి త్రాగినచో అది చచ్చునని మనకు తెలియును. దోమతెర కట్టుకొన్నచో చలిజ్వరము దూరమగునని తెలియును. కొన్ని జబ్బులకు టీకాలు కలవు. అయినను తెలియుట వేరు, చేయుట వేరు. 2020లో కరోనా వ్యాపించినప్పుడు దేవాలయముల తలుపులు మూయవలసివచ్చెను. తిరుమలలో సైతము మార్చి 20 మొదలు జూన్ వరకు భక్తులకు దర్శనము లేకపోయెను. పూజలు మాత్రము అర్చకులు ఏకాంతముగా జరిపిరి. కొందరు దీనిని చూచి బాధపడిరి. కాని దేవుడు కొండమీదనే ఉండును. ఈ యేడు పోలేనివాడు వచ్చే యేడు పోవచ్చును. పోయిన ప్రాణము మాత్రము తిరిగి రాదు.

జ్వరము వచ్చియు దాచి తోడివారితో కొండ యెక్కుట ధైర్యము కాదు. అది తోడివారికి చేయు ద్రోహము. వెనుకబడినవానిని విడిచి ముందుకు పరుగెత్తుట భక్తియు కాదు. కొండయాత్రకు పోదలచినచో ఆ ప్రాంతమున జబ్బులు ఉన్నవో లేవో ముందు విచారింపవలెను. కాచిన నీరు వెంట తీసికొనిపోవలెను. వాగు ఒడ్డున చీకటివేళ నిద్రింపరాదు. ఆ కొండలో పుట్టి పెరిగినవారి మాట వినవలెను. ఊటలను, కోనేళ్ళను మలినము చేయరాదు, ఏలయన మన వెనుక మరియొకడు దప్పికతో వచ్చుచుండును. చూచిన మంచిచెడ్డలను వానికి తెలియజెప్పవలెను.

వీరాస్వామయ్య చేసినది ఈ చివరి పనియే. తాను దాటిన దారిలో మరియొకడు అపాయము పొందకూడదని ఆయన ప్రతి మజిలీలోను కలము పట్టెను. అలసిన దేహముతో, దీపపు వెలుగులో, ఇక్కడ నీరు కలదు, ఇక్కడ లేదు అని వ్రాసిన ఆ చేతిని తలచుకొనుడు. ఈసారి కోటప్పకొండ యెక్కునపుడు మీ చేతిలో నీళ్ళసీసా ఉండును. దప్పిగొన్న తోడివానికి అందులో సగము పోసి, ఖాళీసీసాను ఊటలో పారవేయక క్రిందికి తెచ్చితిరా, మీరును ఆ మహనీయుని బాటలోనే నడచినవారగుదురు.